ఎవరూ విప్పని పరుపు

కుక్కుటేశ్వరరావు నడుంనొప్పి సంగతి ఆ వేసవికల్లా మండపేట బజారంతటికీ తెలిసిపోయింది. దాచుకుందామన్నా దాగే నొప్పి కాదది. బట్టల కొట్లో గల్లాపెట్టె వెనక పరుపు మీద కూర్చున్న మనిషి, లేవాలంటే ముందు కుడిచెయ్యి పెట్టె మీద ఆనించి, ఎడమ మోకాలు మడిచి, ఒకసారి దూలాల వంక చూసి, దేవుణ్ణి తలుచుకుని అప్పుడు లేచేవాడు. యాభై ఏళ్లకే ఇలా అయితే ఎలాగండీ అని ప్రతివాళ్లూ అడిగేవారు. అడిగి ఊరుకుంటే బాగానే ఉండును. "అసలు మీరు దేని మీద పడుకుంటున్నారండి?" అని మొదలుపెట్టేవారు. ఎవరికి వారికి ఒక పరుపు తెలుసు. ఆ పరుపు మీద పడుకుని బాగుపడిన మేనమామో తోడల్లుడో ఒకడు తెలుసు. నొప్పితో ఉన్నవాడికి ఈ కబుర్లన్నీ వినడం ఇంకో నొప్పి అని వాళ్లకి చెప్పేదెవరు?

అది ఎనభై రెండో సంవత్సరం. ఉగాది వెళ్లిన వారంలో ఆయన బస్సెక్కి రాజమండ్రి వెళ్లి ఎముకల డాక్టరుకు చూపించుకున్నాడు. ఆ డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎముకలు బాగానే ఉన్నాయండి. వెన్ను ఒక పక్కకి లాగేసి ఉంది. మెత్తటి పరుపులు మానేసి కాస్త గట్టిదాని మీద పడుకోండి. గంటల తరబడి కూర్చోకండి. దసరా దాకా చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే మటుకు కూర్చుని చేసే వ్యాపారం మానేయాల్సిందే."

ఇన్ని మాటల్లోనూ కుక్కుటేశ్వరరావుకు రెండే వినపడ్డాయి. ఒకటి పరుపు, రెండోది దసరా. గంటల తరబడి కూర్చోవద్దన్న మాట చెవిదాకా వచ్చి వెనక్కి పోయింది. బట్టల షావుకారు కూర్చోక ఏం చేస్తాడు? పొద్దున్న తొమ్మిదింటికి ఆ పరుపెక్కితే, భోజనానికి ఒక గంట తప్ప, మళ్లీ కొట్టు కట్టేసేదాకా దిగేది లేదు. వాళ్ల నాన్న గోపాలకృష్ణమూర్తి గారు అలాగే కూర్చున్నారు. ఆయన పోయాక ఇరవై రెండేళ్లుగా కొడుకూ అలాగే కూర్చుంటున్నాడు. చీరలు విప్పి చూపించడానికి గుమాస్తాలున్నారు. కూర్చుని, వచ్చిన వాళ్లని పేరుపెట్టి పలకరించి, బేరం తెగ్గొట్టే మనిషి మాత్రం ఒక్కడే ఉండాలి. ఉన్న ఒక్క కూతురూ కాకినాడలో డాక్టరీ చదువుతోంది. ఆయన లేస్తే ఆ పరుపు మీద కూర్చునే మనిషి ఇంట్లో ఇంకెవరూ లేరు. కూర్చోవద్దంటే కొట్టు మూసేయమన్నట్టే. అందుకని ఆయన తన ఆశలన్నీ పడక మీద పెట్టుకున్నాడు.

ముందు చెక్క మీద పడుకున్నాడు. రెండేళ్ల కింద కొట్టుకి ఇనప షట్టరు పెట్టించినప్పుడు తీసేసిన పాత పలకల తలుపులు అటక మీద ఉన్నాయి. తొమ్మిది పలకలు, ఏది ఎక్కడ దూర్చాలో తెలియడానికి తారుతో నంబర్లు వేసినవి. వాటిని దింపించి మంచం మీద వరసగా పరిపించి, పైన దుప్పటి వేసుకున్నాడు. అన్నీ ఒకే మందం అయితే పీడా లేకపోయేది. ఆరో నంబరు పలక మిగతావాటికన్నా కాస్త లావు. సరిగ్గా నడుం కిందికి అదే వచ్చేది. పొద్దున్నే ఆయన మూలుగుతూ లేస్తుంటే భార్య సత్యలక్ష్మి కాఫీ గ్లాసుతో వచ్చి, "ఏవండీ, కొట్టు తెరిచారా?" అనేది. పది రోజులు ఆ మాట పడ్డాక పలకలు మళ్లీ అటకెక్కాయి.

తర్వాత రామచంద్రపురం నుంచి బావమరిది పంపించిన బూరుగు దూది పరుపు వచ్చింది. దాని మీద నడుం వాలిస్తే ఊడ్పుల చేలో కాలు వేసినట్టు మనిషి లోపలికి దిగిపోయేవాడు. పక్కకి తిరగాలంటే సత్యలక్ష్మి లేచి ఒక చెయ్యి వెయ్యాలి. ఆ తర్వాత ఆయనే స్వయంగా రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక ఫోము పరుపు కొన్నాడు. కొట్టువాడు దాని మీద ఎగిరెగిరి కూర్చుని చూపించాడు. ఎగిరి కూర్చోగలిగిన నడుమైతే పరుపెందుకు కొంటాం అని అప్పుడు తోచలేదు. బస్సు టాపు మీద కట్టి తెచ్చిన ఆ పరుపు మే నెల ఉక్కలో వీపుకి పొయ్యి పెట్టినట్టు ఉండేది. నాలుగోది కొబ్బరి పీచు పరుపు. అప్పుడప్పుడే కొత్తగా వస్తున్న రకం. అన్నిటిలోకీ అదే నయం అనిపించింది. అయినా సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి నొప్పి మామూలే.

మధ్యలో ఒక విచిత్రం జరిగింది. భీమవరంలో పెళ్లికి వెళ్లి నాలుగు రోజులున్నారు. విడిదింట్లో అందరితో పాటు గచ్చు మీద జంపఖానా పరుచుకుని పడుకున్నాడు. మూడోరోజుకల్లా నొప్పి సగానికి తగ్గింది. నాలుగోరోజు పందిట్లో అటూ ఇటూ తిరిగి వచ్చినవాళ్లకి మర్యాదలు చేశాడు. మందు దొరికిందనుకుని ఇంటికి రాగానే మంచం ఎత్తేయించి నేల మీద జంపఖానా వేయించాడు. మూడు వారాలు అలాగే పడుకున్నాడు. ఏమీ తేడా లేదు.

"అయితే నేల మహిమ కాదు, భీమవరం నీళ్ల మహిమ అయి ఉంటుంది" అన్నాడు ఆలోచించి.

"నాలుగు బిందెలు లారీలో తెప్పించమంటారా?" అంది సత్యలక్ష్మి.

ఆవిడ హాస్యానికి అంది కానీ, అప్పటికే ఆవిడకి లోపల దిగులు పట్టుకుంది. ఆషాఢం వచ్చేసింది. ఇంట్లో ఏ గదిలో చూసినా ఒక పరుపు గోడకి ఆనించి ఉంది. మనిషి చూస్తే రోజురోజుకీ కుడిపక్కకి ఒరిగిపోతున్నాడు. దసరాకి ఇంకా ఎన్ని వారాలో ఇద్దరూ విడివిడిగా లెక్క పెట్టుకుంటున్నారు, ఒకరితో ఒకరు అనుకోవడం లేదు. చివరికి ఆవిడే, కొన్న పరుపులన్నీ అయ్యాయి కదా, మనకి తగ్గట్టు ఒకటి కుట్టించుకుందాం అని మీరా సాహెబుకి కబురు పెట్టింది.

మీరా సాహెబు దూదేకే వృత్తిలో ముసలివాడైనవాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికి పరుపు కుట్టాలన్నా, పాత పరుపు విప్పి దూది ఏకి మళ్లీ నింపాలన్నా ఆయనే. భుజాన దూదేకే విల్లుతో పెరట్లోకి వచ్చి, దాన్ని జామచెట్టుకి ఆనించి, ముందుగా ఇంట్లో ఉన్న పరుపులన్నీ ఒక్కొక్కటే అరచేత్తో నొక్కి చూశాడు. సంతలో ఎద్దుల్ని చూసేవాడిలా ఏ మాటా బయటపెట్టలేదు. తర్వాత కుక్కుటేశ్వరరావుని కొబ్బరి పీచు పరుపు మీద వెల్లకిలా పడుకోమని, నడుం కింద తన చెయ్యి దూర్చి చూశాడు.

"చెయ్యి ఊరికే ఇటునుంచి అటు పోయిందంటే పరుపు మరీ గట్టిదన్నమాటండి. అస్సలు దూరకపోతే మరీ మెత్తదండి. బిగువుగా దూరాలి, అంతే. ఈ పరుపు మీకు కాస్త గట్టి. దీని మీద రెండంగుళాల దూది బొంత వేస్తే ఇంతకన్నా మంచి పడక రాజమండ్రిలో దొరకదండి."

"అయితే దీని మీద పడుకుంటే తగ్గిపోతుందంటావా?"

మీరా సాహెబు కళ్లు కుక్కుటేశ్వరరావు కూర్చున్న తీరు మీద ఉన్నాయి. షావుకారు అప్పటికే పడక మీంచి లేచి వచ్చి వసారాలో బల్ల మీద కూర్చున్నాడు. తిన్నని బల్ల. అయినా ఎడమ తుంటి ఎత్తుకుని, కుడివైపు బరువేసి, మోచేతికి ఏదో ఆసరా కోసం వెతుక్కుంటున్నట్టు కూర్చున్నాడు.

"షావుకారు గారండి, మీరు పడుకునేది ఓ ఏడెనిమిది గంటలు. పగలు ఎక్కడ కూర్చుంటారండి?"

"కొట్లో. ఇంకెక్కడ కూర్చుంటాను?"

"ఓసారి ఆ పరుపు కూడా చూపిద్దురూ."

ఇన్ని నెలల్లో, ఇంతమంది సలహాలు చెప్పిన వాళ్లలో, ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే. కుక్కుటేశ్వరరావుకు అది తట్టలేదు సరిగదా, ఇతనికి కొట్లో పరుపుతో ఏం పని అని కాస్త చిరాకు కూడా వేసింది. అయినా తీసుకెళ్లాడు.

కొట్లో ఆ పరుపంటే మామూలు పరుపు కాదు. గోపాలకృష్ణమూర్తి గారు కూర్చున్న పరుపు. ఆయన ఎడం కాలు కాస్త ముందుకు చాపి, కుడి మోచెయ్యి బాలీసు మీద వాల్చి, పక్కన వెండి పొన్ను చేతికర్ర పెట్టుకుని కూర్చుంటే, ఆ దర్జా చూడ్డానికే బేరాలొచ్చేవి అని బజార్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏటా దసరాకి ఆ పరుపుకి కొత్త గలేబు తొడిగి, నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేవారు. లోపలి పరుపుని మాత్రం తిరగెయ్యరు, ఎండబెట్టరు, విప్పరు. అది కొట్టుకి కలిసొచ్చిన పరుపు, దాని మీద చెయ్యి వెయ్యకూడదు అని గోపాలకృష్ణమూర్తి గారి మాట. తండ్రి పోయిన పదకొండోరోజు తర్వాత కుక్కుటేశ్వరరావు మొదటిసారి దాని మీద కూర్చున్నాడు. ఒళ్లు దానంతట అదే కుడివైపుకి వాలింది. మోచెయ్యి వెళ్లి బాలీసు మీద పడింది. అది చూసి గుమాస్తా పల్లంరాజు కళ్లు తుడుచుకుని, "అచ్చం అయ్యగారేనండి" అన్నాడు. ఆ మాట ఆయన జీవితంలో విన్న మాటలన్నిటిలోకీ గొప్పది.

మీరా సాహెబు గలేబు కింద చెయ్యి పెట్టి అంగుళం అంగుళం తడిమాడు. ఒకచోట ఆగి, అటూ ఇటూ మళ్లీ తడిమాడు.

"ఇది అణిగిపోయిన పరుపు కాదండి. అణిగితే మధ్యలో గుంట పడుతుంది. ఇది ఎడమవైపు ఎత్తుగా ఉంది. లోపల ఏదో ఉందండి. దీని మీద కూర్చున్న మనిషిని ఇది కుడివైపుకి తోస్తానే ఉంటుంది. విప్పి చూడాలండి."

"ఆ పరుపు విప్పరు" అన్నాడు కుక్కుటేశ్వరరావు.

"మీ నొప్పి ఇక్కడుందండి, ఇంట్లో లేదు."

"చెప్పాను కదా, విప్పరని. నువ్వు ఇంట్లో పరుపు సంగతి చూడు చాలు."

గొంతు కాస్త పెరిగింది. పల్లంరాజు చీరలు మడతపెట్టడం ఆపి చూశాడు. మీరా సాహెబు ఆ మాటకి కోపం తెచ్చుకోలేదు. "ఆయ్, అలాగేనండి" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. చెప్పినట్టుగానే రెండు రోజుల్లో కొబ్బరి పీచు పరుపు మీదికి గట్టిగా కుట్టిన దూది బొంత తయారుచేసి ఇచ్చాడు. పడక నిజంగానే హాయిగా ఉంది. పొద్దున్న లేచేటప్పుడు ఆయన నడుం దాదాపు మామూలుగా ఉండేది. సాయంత్రానికి మళ్లీ మొదటికే వచ్చేది. ఇప్పుడా తేడా తెలుస్తుంటే ఆయనకి భయం వేసింది. ఆ ముసలివాడి మాట నిజమేమో అని మొదటిసారి అనిపించింది.

భోజనాల దగ్గర ఆ మాట ఎత్తాడు. సత్యలక్ష్మి వడ్డిస్తోంది. తల్లి రత్నమాణిక్యం గోడకి ఆనుకుని కూర్చుని విస్తరాకులు కుడుతోంది. ఆవిడకి డెబ్భై నాలుగేళ్లు. చూపు మందగించినా చేతికి పని తెలుసు.

"అమ్మా, కొట్లో పరుపు లోపల ఏదో ఉందంటున్నాడు సాయిబు. అదే నా నడుం వంచేస్తోందిట."

రత్నమాణిక్యం చేతిలో చీపురుపుల్ల విరిగిపోయింది. ఇంకోటి తీసుకుంది.

"నాన్నగారు విప్పొద్దన్నారు కదరా" అంది తలెత్తకుండా.

"విప్పను లే. ఊరికే చెప్పాను."

"విప్పి చూస్తే తప్పేంటి అత్తయ్య గారూ? మనిషికంటే పరుపు ఎక్కువా?" అంది సత్యలక్ష్మి. ఆవిడ అత్తగారికి ఎదురు చెప్పిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ముసలావిడ ఇంకో ఆకు అందుకుంది. కుక్కుటేశ్వరరావే భార్యని కసిరాడు. నిజం చెప్పాలంటే తల్లి వద్దన్నందుకు ఆయనకి లోలోపల ప్రాణం కుదుటపడింది. విప్పితే ఏం కనిపిస్తుందోనన్న భయం ఆయనకీ ఉంది. నొప్పి తనది కాబట్టి ఎలాగో పడొచ్చు. నాన్న మాట దాటితే, ఆ తర్వాత ఆ పరుపు మీద ఏ మొహంతో కూర్చోవడం?

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం ముందురోజు గురువారం, కొట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. పెళ్లి కుదిరిన ఒక రైతు కుటుంబం ఆడవాళ్లు పదిమంది దాకా కూర్చుని పట్టుచీరలు చూస్తున్నారు. వాళ్ల పెద్దావిడని పలకరించడానికి కుక్కుటేశ్వరరావు లేవబోయాడు. కుడిచెయ్యి పెట్టె మీద ఆనించాడు. ఎడమ మోకాలు మడిచాడు. దూలాల వంక చూశాడు. అక్కడితో ఆగిపోయాడు. లేవలేడు, మళ్లీ కూర్చోలేడు. నడుం మధ్యలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు పట్టేసింది. చెమటలు కారిపోతున్నాయి. పల్లంరాజు, ఇంకో గుమాస్తా వచ్చి చెరో చంకలో చెయ్యి వేసి లేపారు. కొట్లో అంతమంది ఆడవాళ్లూ చీరలు వదిలేసి ఆయన్నే చూస్తున్నారు. "పాపం" అంది ఒకావిడ మెల్లిగా. నొప్పికంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

రిక్షాలో ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. వ్రతం రోజు కొట్టు పల్లంరాజు చేతిలో నడిచింది. బేరాలు ఎలా జరిగాయో ఆయన అడగలేదు. మూడోరోజు పొద్దున్న తల్లి వచ్చి మంచం పక్కన కూర్చుంది. కొడుకు కాలు మీద చెయ్యి వేసింది.

"దసరాతో కొట్టు మూసేద్దాం అనుకుంటున్నానమ్మా. ఆ మోటారు సైకిళ్ల వాళ్లు అద్దెకిమ్మని ఎప్పటినుంచో అడుగుతున్నారు."

ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు. ముందే నాలుగుసార్లు మనసులో అనుకుని చూసుకున్న మాట. అయినా చివరికొచ్చేసరికి తల గోడవైపు తిప్పుకున్నాడు.

రత్నమాణిక్యం కొడుకు కాలి మీంచి చెయ్యి తీసి లేచింది.

"ఆ సాయిబుని కొట్టుకి రమ్మని కబురు పెట్టు. రిక్షా పిలిపించు. నేనూ వస్తాను" అంది.

భర్త పోయాక ఆవిడ ఆ కొట్టు గడప తొక్కలేదు. ఇరవై రెండేళ్ల తర్వాత ఇప్పుడు సత్యలక్ష్మి చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. కుక్కుటేశ్వరరావు రెండో రిక్షాలో వచ్చి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. పల్లంరాజు షట్టరు సగానికి దించాడు. మీరా సాహెబు గలేబు తీసి, పాత పరుపు ముందు గొంతుక్కూర్చుని, కత్తెర పట్టుకుని ఎటునుంచి మొదలుపెట్టాలా అని చూస్తున్నాడు.

"అక్కడ కాదు సాయిబూ. ఎడమవైపు వెనక మూల. ఎర్రదారం కుట్టు ఉంటుంది చూడు" అంది రత్నమాణిక్యం.

మీరా సాహెబు ఆ మూల తడిమాడు. దుమ్ముతో నల్లబడిపోయిన ఎర్రదారం కుట్టు దొరికింది.

"నాకియ్యి" అని ముసలావిడ కత్తెర తీసుకుంది. తనే నేల మీద కూర్చుని, వేలితో కుట్టు వెతుక్కుంటూ, ఒక్కొక్కటే కత్తిరించింది. లోపలికి చెయ్యి పెట్టి ఒక మెత్త బయటికి లాగింది. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు, ఒక అంచు లావుగా, ఇంకో అంచు పల్చగా కుట్టినది. దాని గుడ్డ నేరేడు రంగు చీరముక్క. బయట వెలిసిపోయిన రంగు మడతల్లో ఇంకా కొత్తగానే ఉంది.

"నీకప్పుడు ఆరేళ్లు" అంది కొడుకుతో, ఆ మెత్తని ఒళ్లో పెట్టుకుని. "మీ నాన్నగారు ద్వారపూడి స్టేషన్లో దిగిన బట్టల బేళ్లు వేసుకుని వస్తుంటే కాలవగట్టు మీద బండి ఒరిగింది. ఎడమ తుంటి మీద పడ్డారు. కట్టు కట్టించాం కానీ ఎముక సరిగ్గా అతకలేదు. ఆ పక్క బరువు వేసి కూర్చోలేకపోయేవారు. ఇంట్లో అయితే నా ముందు ఏడ్చేవారు. బజార్లో ఎవరన్నా పాపం అంటే మటుకు పడలేను రత్నం అనేవారు. అందుకని నా చీర చింపి ఈ మెత్త కుట్టాను. ఇది ఎడం పక్కన ఉంటే బరువు కుడివైపుకి పోయేది. మోచెయ్యి బాలీసు మీద వేసుకుంటే నొప్పి కాస్త సర్దుకునేది."

"ఆ చేతికర్ర?" అన్నాడు కుక్కుటేశ్వరరావు.

"నడవలేకే కదరా. వెండి పొన్ను వేయిస్తే ఎవరూ అడగరని వేయించుకున్నారు."

పల్లంరాజు పంచె చెంగుతో మొహం తుడుచుకున్నాడు. తండ్రి దర్జా అని ఊరంతా చెప్పుకున్నది, తను ఇరవై రెండేళ్లు గర్వంగా మోసినది, ఒక విరిగిన తుంటి అని కుక్కుటేశ్వరరావుకు అప్పుడర్థమైంది. నాన్న మీద కోపం రాలేదు. ఆ నొప్పి ఎలా ఉంటుందో ఇప్పుడు ఆయనకి బాగా తెలుసు. అంత నొప్పి పెట్టుకుని ఆ మనిషి అన్నేళ్లు నవ్వుతూ కూర్చున్నాడే అనుకుంటే కళ్లు మసకబారాయి.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీ నడుం దీనివల్లే అని నాకు తెలీదు నాయనా. ఆ సాయిబు చెప్పిన మాట నువ్వు అన్నం తింటూ చెప్పావే, అప్పుడు తెలిసింది." ఆవిడ మెత్త అంచు సవరించింది. "తెలిసీ ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను."

"ఎందుకు?"

"నువ్వు కొట్లో కూర్చున్న మొదటి రోజు అచ్చం ఆయనలాగే ఉన్నావని పల్లంరాజు వచ్చి చెప్పాడు. ఏడాది తిరిగాక ఒక సాయంత్రం వీధి అవతల నిలబడి చూసుకున్నాను. నిజంగానే ఆయనే కూర్చున్నట్టుంది. అప్పటినుంచి గుడికి వెళ్లినప్పుడల్లా ఈ వీధినే వెళ్లి చూసుకునేదాన్ని. ఇది విప్పేస్తే ఆ కాస్తా పోతుందని." ఆవిడ మెత్త మీద పేరుకున్న దుమ్ము అరచేత్తో దులిపింది. "నీ నడుం విరుగుతున్నా నా కళ్ల సంగతే చూసుకున్నాను. తప్పు నాదే."

కుక్కుటేశ్వరరావు గోడ వదిలి, మెల్లిగా వంగి తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. మీరా సాహెబు తలవంచుకుని పరుపు మిగతా కుట్లు విప్పుతున్నాడు.

ఆ పాత దూది కొట్టు వెనక పెరట్లో రెండు రోజులు ఎండింది. ఉండలు కట్టిన దూదిని మీరా సాహెబు విల్లుతో ఏకుతుంటే ఆ టంకారం బజారంతా వినపడింది. నాన్నగారి పరుపులో దూదే కాబట్టి పారేయొద్దన్నాడు కుక్కుటేశ్వరరావు. దానికి కొత్త దూది కలిపి, నాలుగు మూలలూ ఒకే ఎత్తు వచ్చేలా, దగ్గర దగ్గరగా కుట్లు వేసి గట్టిగా నింపాడు ముసలివాడు. పూర్తయ్యాక ఒక ఇత్తడి చెంబు నిండా నీళ్లు పోసి మధ్యలో పెట్టి చూపించాడు. చుక్క ఒలకలేదు.

"గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి షావుకారు గారండి. ఎంత మంచి పరుపైనా మనిషిని కట్టేసుకోకూడదండి" అన్నాడు.

రాజమండ్రి డాక్టరు చెప్పినదీ అదే. ఈసారి ఆ మాట చెవిలోంచి లోపలికి దిగింది. గంటకోసారి ఆయన లేచి గుమాస్తాలతో పాటు నిలబడి చీరలు తనే విప్పి చూపించేవాడు. ఎవరన్నా అడిగితే, "నడుం నొప్పండి, డాక్టరు గారు నిలబడమన్నారు" అని దాచకుండా చెప్పేసేవాడు. పాపం అన్నవాళ్లూ ఉన్నారు. అన్నా ఏమీ కాలేదు. వినాయక చవితికి నొప్పి సగం తగ్గింది. మహాలయ పక్షాలు వెళ్లేసరికి దూలాల వంక చూడకుండా లేవగలుగుతున్నాడు. పూర్తిగా పోయిందని చెప్పలేం కానీ, కొట్టు అద్దెకిచ్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

విజయదశమి పొద్దున్న కొట్లో పూజ చేశారు. కొత్త గలేబు తొడిగి, నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టారు. రత్నమాణిక్యం ఈసారి పిలవకుండానే వచ్చింది. కొబ్బరికాయ కొట్టాక కుక్కుటేశ్వరరావు పరుపెక్కి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వెన్ను నిటారుగా ఉంది. రెండు భుజాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. బాలీసు పక్కన ఊరికే పడి ఉంది.

"ఏంటోనండి, ఎవరో కొత్త షావుకారు వచ్చినట్టుంది" అన్నాడు పల్లంరాజు సంతోషంగా.

సత్యలక్ష్మి నవ్వింది. రత్నమాణిక్యం నవ్వలేదు. గడప లోపల నిలబడి, కళ్లు చికిలించి, కొడుకుని చూస్తోంది. చూపు ఆయన మొహం మీంచి భుజం మీదికి, భుజం మీంచి బాలీసు మీదికి వెళ్లి, మళ్లీ మొహం దగ్గరికి వచ్చింది. ఆవిడ ఎవరికోసం వెతుకుతోందో కుక్కుటేశ్వరరావుకు తెలిసింది.

బాలీసు దగ్గరికి జరుపుకున్నాడు. ఎడం కాలు కాస్త ముందుకు చాపాడు. ఒళ్లు కుడివైపుకి వాల్చి, మోచెయ్యి బాలీసు మీద వేసి, గడప వైపు చూశాడు. నడుంలో చురుక్కుమంది. కదలకుండా అలాగే ఉన్నాడు.

రత్నమాణిక్యం చూసింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలినంతసేపు చూసుకుంది.

"చాల్లేరా" అంది తర్వాత. "నొప్పెడుతుంది. తిన్నగా కూర్చో."

ఆయన తిన్నగా కూర్చున్నాడు. పల్లంరాజు షట్టరు పూర్తిగా పైకెత్తాడు.